తుయ్యా ‘సత్తూ’ అన్నప్పుడు

రోజు 1

ఉదయం పదకొండు గంటలకు పడవ నన్ను మూడో నంబరు తెప్ప మీద దించి వెళ్ళిపోయింది. తెప్ప అంటున్నాం గాని ఇది ఇనుముతో కట్టినది, ఒక బడి మైదానమంత ఉంటుంది. చుట్టూ నీళ్ళలో మూడు వందల తాళ్ళు. ఆ తాళ్ళకు సముద్రపు నాచు పెరుగుతుంది. దాన్ని లాగి, కోసి, ఆరబెట్టి, మూటలు కట్టాలి. ఇద్దరు మనుషులు, వంద రోజులు.

నా పేరు మైలపల్లి దాలమ్మ. వయసు నలభై ఏడు. మాది శ్రీకాకుళం తీరం, చేపల వేట మా వృత్తి. రోజూ ఏం జరిగిందో ఈ పుస్తకంలో రాయాలన్నది సంస్థ నియమం. ఎవరి భాషలో వాళ్ళు రాసుకోవచ్చట. కాబట్టి నేను తెలుగులో రాస్తున్నాను.

రెండో మనిషి పేరు తుయ్యా. ఫిన్లాండ్ దేశస్థురాలు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదానిలా ఉంది. పొడుగ్గా ఉంటుంది, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను. ‘వచ్చీసినావా తల్లీ, పెయానం బాగా జరిగిందేటి’ అని అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. పద్ధతుల కాగితం గుర్తొచ్చింది.

బయలుదేరే ముందు మాకు చెరొక కాగితం ఇస్తారు. నాది ‘ఫిన్లాండ్‌వారితో ఎలా మసలుకోవాలి’. పన్నెండు అంశాలు. మొదటిది: వారు మౌనాన్ని ఇష్టపడతారు, అవసరం లేనిదే మాట్లాడరాదు. రెండోది: రెండు చేతుల దూరం పాటించాలి. నాలుగోది: ఆరోగ్యం గురించీ కుటుంబం గురించీ అడగరాదు. ఏడోది: వారు ప్రకృతి ప్రేమికులు, వారి ఎదుట ఏ ప్రాణినీ చంపరాదు.

ఏడోది చదివినప్పుడు నా పెట్టెలో అడుగున ఉన్న ఎండుచేపల పొట్లం గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

రోజు 6

పని బాగానే సాగుతోంది. తుయ్యా చేతులకు బలం ఎక్కువ. తాడు లాగే మోటారు ఆవిడ చూసుకుంటుంది, కోత నేను చూసుకుంటాను.

మాటలన్నీ చెవిపూసలోంచే. కుడిచెవిలో మినపగింజంత ఉంటుంది. ఆవిడ ఏదో అంటుంది, అర క్షణమైనా పట్టకముందే పూస చక్కటి తెలుగులో చెబుతుంది, వార్తలు చదివే అమ్మాయిలాగా. ‘దయచేసి ఆ కొడవలి అందించగలరా?’ అని. ఎడమచెవికి మాత్రం ఆవిడ అసలు గొంతు వినిపిస్తూనే ఉంటుంది. ఏదైనా అడగకూడనిది అడగబోతే పూస ముందే హెచ్చరిస్తుంది. ‘సలహా’ అని మొదలుపెడుతుంది. ఇప్పుడు పిల్లలెవరూ పరాయి భాషలు నేర్చుకోవడం లేదు. పూస ఉండగా ఎందుకని.

వింత ఏమిటంటే తుయ్యా వంటింట్లో అడుగు పెట్టదు. గుమ్మం దగ్గర నిలబడి కంచం అందుకుంటుంది, తిన్నాక గుమ్మం దగ్గరే పెడుతుంది. ఫిన్లాండ్‌లో ఆడవాళ్ళు వంట చేయరేమో. చేయించుకు తినే రాజ్యమా అది? కాగితంలో దీని గురించి ఏమీ లేదు.

ఇంకొక వింత. పని అయ్యాక సాయంత్రం నేను తెప్ప అంచున బల్ల మీద కూర్చుంటాను. ఆవిడ వచ్చి అదే బల్ల రెండో చివర కూర్చుంటుంది. మాట్లాడదు. గంటసేపు సముద్రాన్ని చూస్తుంది. ఆవిడ ఉండగా లేచి వెళ్ళిపోతే బాగుండదని నేనూ కూర్చుంటాను. నడుం లాగేస్తూ ఉంటుంది. మౌనం అంటే వీళ్ళకు ఎంత ఇష్టమో అనుకుంటాను.

రోజు 13

ఈ రోజు దెబ్బ తగిలింది, నాకు కాదు.

నలభయ్యో తాడు మోటారు కొక్కేనికి సరిగ్గా తగులుకోలేదు. తుయ్యా మోటారు దగ్గర నిలబడి, ‘మొదలుపెట్టనా?’ అన్నట్టు చూసింది. గాలి హోరులో అంత దూరం నుంచి పూస పనిచేయదు. వద్దని తల అడ్డంగా గట్టిగా ఊపాను. ఆవిడ మోటారు వేసేసింది.

తాడు ఎగిరి ఆవిడ కుడిభుజాన్ని లాగింది. పక్కకు పడిపోయింది. నేను పరుగెత్తి మోటారు ఆపాను.

“వద్దని తలూపినాను గదా! కనబళ్ళేదా నీకు?” అని అరిచాను. పూస నా మాటల్ని ఆవిడ భాషలో ఏం చెప్పిందో తెలియదు. ఆవిడ చిన్నగా నవ్వి తల ఊపింది. ‘మీ శ్రద్ధకు కృతజ్ఞతలు’ అంది పూస నా చెవిలో.

శ్రద్ధేమిటి? నేను తిడితే?

భుజం ఎముక విరగలేదు, కమిలింది. మందుల పెట్టెలోంచి నొప్పి మాత్రలు తీసుకుంది. సాయంత్రం మామూలుగానే వచ్చి బల్ల మీద కూర్చుంది.

రోజు 22

నా వంట ఆవిడకు తెగ నచ్చింది. ఇది రాసుకోవాలి.

చేపలు లేవు కాబట్టి రోజూ పప్పు, అన్నం, గోంగూర పచ్చడి, ఎండుమిరపకాయలు. కారం దిట్టంగా వేస్తాను. ఉప్పుగాలికి కారం లేకపోతే ముద్ద దిగదు. ఆవిడ ఒక్క మెతుకు మిగల్చదు. చెమటలు కారుతున్నా తింటుంది. రెండోసారి వడ్డించబోతే ‘ఏయ్, ఏయ్’ అంటుంది. మా పెద్దమ్మ అలాగే అనేది, ఎక్కువ వడ్డిస్తే ముద్దుగా కసిరేది. పూసేమో ‘చాలా రుచిగా ఉంది, మీకెంత దయ’ అంటుంది. మరో గరిటె వేస్తాను. తింటుంది.

నిన్న తిన్నాక పొట్ట మీద చెయ్యి వేసుకుని, ‘సత్తూ’ అంది. నేను ఆశ్చర్యపోయాను. మళ్ళీ అంది, ‘సత్తూ’ అని.

మా మాటే! ఒంట్లో సత్తు ఉంది, సత్తు లేదు అంటాం కదా. ఎక్కడ పట్టుకుందో ఏమో, నా తిండి తిని ఒంట్లోకి సత్తువ వచ్చిందని చెప్పడానికి నా భాషలో ఒక మాట నేర్చుకుంది. పూస మాత్రం ‘ఒంట్లో కాస్త బరువుగా ఉంది’ అని చప్పగా చెప్పింది. నేను సంబరంగా నా దండ కండ చూపించి, “సత్తు! బాగా తిను, ఇంకా వొత్తాది సత్తు!” అన్నాను.

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది.

రోజు 34

తుయ్యా చిక్కిపోయింది. ఇంత తింటున్న మనిషి ఎందుకు చిక్కుతుంది? మొహం పాలిపోయింది. వీళ్ళు సహజంగా తెల్లగా ఉంటారు కాబట్టి ఎంత తెలుపు మామూలో, ఎంత తెలుపు రోగమో నాకు తెలియడం లేదు.

మూటలు మోస్తూ మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయింది. దగ్గరికి వెళ్ళి, “ఒంట్లో ఎలాగుంది?” అని అడగబోయాను. పూస వెంటనే అందుకుంది: ‘సలహా. ఈ ప్రశ్న వ్యక్తిగతమైనది. ఫిన్లాండ్‌వారు దీనిని ఇష్టపడరు.’

ఆగిపోయాను. ఆవిడ నన్నే చూస్తోంది, ఏదో అడుగుతానని ఎదురుచూస్తున్నట్టు. లేక నాకలా అనిపించిందేమో. నేను తల తిప్పుకుని మూట ఎత్తుకున్నాను.

రోజంతా అదే గుర్తొస్తోంది. మా ఊళ్ళో అయితే పక్కింటి మనిషి రెండుసార్లు దగ్గితే వాకిట్లోకి నలుగురు వస్తారు.

రోజు 38

పగలు పది గంటలకు తుయ్యా ఆరబెట్టే పందిరి కింద పడిపోయింది. నేను చూసేసరికి బోర్లా ఉంది. ఇటు తిప్పాను. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. పెదవుల్లో రక్తం లేదు.

“తుయ్యా! ఏటయ్యింది? తుయ్యా!”

కళ్ళు తెరిచింది. పొట్ట పట్టుకుంది. “సత్తూ,” అంది. “సత్తూ.”

సత్తువ అనే మాట ఆ మొహంతో ఎవరూ అనరు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

భుజాల కింద చేతులు వేసి గదిలోకి ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాను. వైద్యం మీట నొక్కాను. ఈ తెప్పల మధ్య ఒక ఆసుపత్రి ఓడ తిరుగుతూ ఉంటుంది. దాంట్లో డాక్టరు పేరు వంజీరు, కెన్యా ఆవిడ. రెండు నిమిషాల్లో ఆమె మొహం గోడ మీద కనిపించింది.

“పేషెంటునే మాట్లాడనివ్వండి,” అంది డాక్టరు. “తుయ్యా, ఏమవుతోంది?”

తుయ్యా గొణిగింది. నా చెవిపూస పలికింది. కాని అది వార్తలు చదివే గొంతు కాదు. మొరటుగా, మెలికలు లేకుండా ఉంది.

‘నొప్పి. కడుపులో నొప్పి.’

“సత్తూ అంటే నొప్పా?” అన్నాను.

“అవును, నొప్పిగా ఉంది అని,” అంది డాక్టరు. “ఎన్నాళ్ళ నుంచి?”

తుయ్యా నా వైపు చూస్తూ చెప్పింది. పూస అదే వరసలో చెప్పింది. ‘మూడు వారాలు. ఈవిడకు చెప్పాను. రోజూ చెప్పాను. ఈవిడ కండ చూపించి ఇంకా వడ్డించింది.’

దుప్పటి లాగి ఆవిడ మీద కప్పాను.

డాక్టరు వరసగా అడిగింది. విరేచనం ఏ రంగులో అవుతోంది? నల్లగా, తారులాగా, అయిదు రోజుల నుంచి. మందులేమైనా వాడుతున్నావా? భుజానికి నొప్పి మాత్రలు, రోజుకు నాలుగు, పరగడుపునే. డాక్టరు పెదవి బిగించింది.

“కడుపులో పుండు పడింది. దాంట్లోంచి రక్తం పోతోంది. మేం అక్కడికి చేరేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది. దాలమ్మా, నేను చెప్పినట్టు చేస్తావా?”

“సేత్తానమ్మా. నువ్వు సెప్పు.”

మాత్రలు అవతల పారేయమంది. నోట్లోకి నీళ్ళు కూడా వద్దంది. మందుల పెట్టెలో వెడల్పాటి పట్టీ ఒకటి ఉంది. చేతికి చుడితే అదే నరం వెతుక్కుని సూది గుచ్చుతుంది. మొదటిసారి గుచ్చలేదు, రెండోసారీ గుచ్చలేదు. నరాలు ముడుచుకుపోయాయి. చెయ్యి కిందికి వేలాడదీసి వేడిగుడ్డతో కాపడం పెట్టమంది డాక్టరు. మూడోసారి ఎక్కింది. ఉప్పునీటి సంచి, పుండు మందు ఎక్కించాను. కాళ్ళ కింద రెండు నాచు మూటలు పెట్టాను.

“డాక్టరమ్మా,” అన్నాను, “నా కారమే సేసిందా ఇది? నానే ఈ మనిషికి పెట్టి పెట్టి...”

“కారం పుండు పెట్టదు. అలా అని చాలామంది అనుకుంటారు. ఉన్న పుండును మండిస్తుంది, అంతే. ఇది ఆ మాత్రల పని.”

నేల మీద కూలబడి ఏడ్చేశాను. ఎందుకు ఏడ్చానో సరిగ్గా చెప్పలేను. మాత్రలు ఎందుకు వేసుకుంది? భుజానికి. భుజానికి దెబ్బ ఎందుకు తగిలింది?

డాక్టరు మరో మాట చెప్పింది. “ఆమెతో మాట్లాడుతూ ఉండు. మాట తడబడితే నాకు వెంటనే చెప్పు. ఈ లైను తెరిచే ఉంచుతాను. వైద్యం లైనులో పూస మాటల్ని మెత్తబరచకూడదు, అది చట్టం. కాబట్టి మీరిద్దరూ ఏమంటే అదే వినిపిస్తుంది.”

మెత్తబరచడం! ముప్పై ఎనిమిది రోజులు నేను విన్నది ఆవిడ మాట కాదన్నమాట.

మంచం పక్కన కూర్చున్నాను. రెండు చేతుల దూరం కాదు, ఆనుకునే కూర్చున్నాను. మోటారు సంగతే అడిగాను.

“ఆ దినం తల అడ్డంగా ఊపినాను గదా. ఎందుకేసీసినావు మోటారు?”

‘నా కాగితంలో ఉంది. భారతీయులు తల అడ్డంగా ఊపితే సరే అని అర్థం.’

“ఎవులు సెప్పినారు! అది ఇలాగ.” మెడ వదులుగా ఇటూ అటూ వంచి చూపించాను. “ఇది సరే. ఇదుగో, ఇలాగ గట్టిగా ఊపితే వద్దు. సచ్చినా వద్దు.”

రెండూ చూసింది. ‘నాకు రెండూ ఒకేలా ఉన్నాయి,’ అంది.

మళ్ళీ మళ్ళీ చేసి చూపించాను. నాలుగోసారికి, ‘ఆ, మెడ,’ అంది.

“వంటింట్లోకి ఎందుకు రావు నువ్వు? బద్దకమా?”

‘నా కాగితం. మీ వంటగది పవిత్రం. పరాయివాళ్ళు వస్తే మైలపడుతుంది.’

“ఓలమ్మో! నాను నిన్ను సోమరిపోతువనుకున్నాను.”

‘నేను మంచి వంటమనిషిని,’ అంది, కోపంగానే. తర్వాత ఆగి ఊపిరి తీసుకుంది. ‘అన్నం వద్దంటే మీరు అవమానంగా తీసుకుంటారని ఉంది. అయినా నేను వద్దన్నాను. ఎయ్ అన్నాను. ఎయ్ అంటే వద్దు.’

ఏయ్ కాదు, ఎయ్. నేను గరిటె మీద గరిటె వేసిన రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

‘దాలమ్మా, నేను చావబోతున్నానా?’

డాక్టరు మొహం వైపు చూశాను. ఆమె అప్పటికే అటు తిరిగి ఎవరికో ఆజ్ఞలు ఇస్తోంది. “నాకు తెలవదు,” అన్నాను. “గాని నువ్వు నాకు ఇంకా శానా సెప్పాలి. మొదలెట్టు. మీ ఊళ్ళో ఏడాదంతా మంచేనా?”

‘వేసవి ఉంటుంది. దోమలు ఉంటాయి. నువ్వు ఊహించలేనన్ని దోమలు.’

“మంచు దేశంలో దోమలా?”

‘చిన్నప్పుడు మా అక్కా నేనూ లెక్కపెట్టేవాళ్ళం, ఒక్క చెంపదెబ్బకు ఎన్ని చస్తాయో.’

ప్రకృతి ప్రేమికురాలు! “మరి నువ్వు ఆవిరిగదిలో కూకుంటావా? మా కాగితంలో రోజూ కూకుంటారని ఉంది.”

‘మా వాళ్ళకు ప్రాణం. నాకు తల తిరుగుతుంది. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాను. మా అక్కలు నవ్వుతారు.’ కాసేపు కళ్ళు మూసుకుంది. నేను భుజం తట్టాను. తెరిచింది. ‘మీ ఇంట్లో ఎంతమంది? నలభైమందా?’

“నాను ఒక్కదాన్నే. పెనిమిటి పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు.”

తుయ్యా తల ఎత్తబోయింది. ‘ఒక్కదానివా? మరి సాయంత్రాలు... భారతీయులు ఒంటరిగా ఉండలేరు, దిగులుతో జబ్బు పడతారు అని ఉంది. అందుకే రోజూ వచ్చి నీ పక్కన కూర్చున్నాను. గంట. నా భుజం పగిలిపోతుంటే.’

“నాను నీకోసం కూకున్నాను! నువ్వు లెగిస్తావేమో, పోయి తొంగుందామని సూస్తే, నువ్వు లెగవవు!”

‘మరి ఎందుకు మాట్లాడలేదు?’

“మీకు మాటలంటే పడవని రాసినారు గదా!”

ఆవిడ నన్ను అలాగే చూసింది. ‘మేం నలుగురు అక్కచెల్లెళ్ళం. నేను ఇరవై ఏళ్ళు బస్సు నడిపాను. మా బస్సులో నా గొంతు వినలేక వెనక సీట్లో కూర్చునేవాళ్ళు.’

నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చి ముడుచుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. నొప్పి తగ్గేదాకా వదల్లేదు.

తర్వాత ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. ‘నా మంచం కింద డబ్బాలు ఉన్నాయి. చేపలు. మీరు శాకాహారులు, చేప వాసన చూస్తే బాధపడతారని రాసి ఉంది. తలుపు వేసుకుని తిన్నాను. క్షమించు.’

వంగి చూశాను. పదకొండు డబ్బాలు. ఏడు ఖాళీ.

ముత్తాతల నుంచి వేటాడే ఇంటి మనిషిని. నాలుగు పక్కలా సముద్రం, ముప్పై ఎనిమిది రోజులు పప్పు తిన్నాను, ఈవిడ మనసు నొచ్చుకుంటుందని. నా గదిలోకి పరుగెత్తి ఎండుచేపల పొట్లం తెచ్చి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది.

“పేషెంటుకు నోట్లోకి ఏమీ ఇవ్వకూడదు!” అని గోడ మీంచి అరిచింది డాక్టరు.

రోజు 39

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఓడ వచ్చింది. తెల్లవారేసరికి తుయ్యా మాట రెండుసార్లు తడబడింది. సంచి మార్చి, మందు మళ్ళీ ఎక్కించాక కాస్త నిలదొక్కుకుంది. వంజీరు డాక్టరే స్వయంగా దిగింది. నేను అనుకున్నదానికంటే పొట్టి మనిషి. నాడి చూసి, ఓడ ఎక్కించండి అంది.

తుయ్యాను తీసుకువెళుతుంటే నేను పక్కన నడిచాను. “ఎయ్ సత్తూ?” అన్నాను. నొప్పి లేదా అని అడిగాననుకున్నాను. సరైన వాక్యమో కాదో తెలియదు. ఆవిడ వేళ్ళు ఎత్తి, కొంచెం ఉంది అన్నట్టు చూపింది.

ఓడ వెళ్ళిపోయింది. తెప్ప మీద ఒక్కదాన్నే. గాలం వేసి చేప పట్టాను, పెద్దదే. కూర వండాను. సగం కూడా తినలేకపోయాను.

రోజు 47

ఓడ నుంచి కబురు. పుండుకు లోపలి నుంచే కుట్టు వేశారు, రక్తం ఎక్కించారు. బతికింది. ఈ వాక్యం రాయడానికి ఎనిమిది రోజులు కాచుకుని ఉన్నాను.

సంస్థ నుంచి కూడా ఒకటి వచ్చింది. ‘సంఘటన నివేదిక’ అట. ‘సాంస్కృతిక అపార్థం జరిగిందా?’ అని అడిగి, అవును, కాదు అని రెండు గళ్ళు పెట్టారు. కింద రెండు వరసల ఖాళీ. నేను రెండు వరసల్లో ఆపలేదు. తల ఊపడం, వంటిల్లు, ఏయ్, సత్తూ, బల్ల, డబ్బాలు, అన్నీ తొమ్మిది పేజీలు రాశాను. పూస మాటల్ని మార్చి చెప్పిందని రాశాను. అడగబోయిన నన్ను ఆపిందని రెండుసార్లు రాశాను.

రోజు 53

సంస్థ జవాబు పంపింది. నా తొమ్మిది పేజీలు చదివారట, చాలా ఉపయోగపడ్డాయట. వాటి ఆధారంగా కాగితాలను సవరించారట.

నా కాగితానికి పదమూడో అంశం చేర్చారు: ‘ఫిన్లాండ్‌వారు నొప్పిని దాచుకుంటారు.’

తుయ్యా కాగితానికి కూడా ఒకటి: ‘భారతీయుల ఆహారం కడుపులో రక్తస్రావానికి దారితీయవచ్చు.’

అయిదారుసార్లు చదివాను. దాచుకుందా! రోజూ నా మొహం మీద చెప్పింది. ఇవి సరైనవేనని నేను ధ్రువీకరించి సంతకం పెట్టాలట. లేకపోతే వచ్చే విడతలో నా పేరు ఉండదని చివర చిన్నక్షరాలతో ఉంది.

తీరానికి వెళితే నాకు వేరే పనులు లేకపోలేదు. కాని ఈ నీళ్ళ మీద, ఈ తాళ్ళ మధ్య నాకు బాగుంటుంది. ఇంట్లో కంటే ఇక్కడ ఎక్కువ బాగుంటుంది. అది కూడా ఆలోచించాను. రోజంతా కోత కోస్తూ ఆలోచించాను.

సంతకం పెట్టలేదు. ‘రెండూ అబద్ధాలు. డాక్టరును అడగండి’ అని రాసి పంపేశాను.

రోజు 58

డాక్టరు వంజీరు వాళ్ళకు రాసిందట. ఆహారం గురించి చేర్చిన అంశం తీసేశారు. నొప్పి గురించిన అంశం మాత్రం ఉంచారు, నా పేరు లేకుండా. వచ్చే విడత సంగతి ఏమీ చెప్పలేదు.

తుయ్యా మిగిలిన రోజులు పూర్తి చేయడానికి తిరిగి వస్తానందట, బరువు ఎత్తకూడదన్న షరతు మీద. ఒక్క కోరిక కోరిందట, మా ఇద్దరి పూసల్లోనూ మెత్తదనం తీసేయమని. ‘పరస్పరం మనసు నొచ్చుకుంటే సంస్థ బాధ్యత వహించదు’ అన్న కాగితం మీద సంతకం అడిగారు. ఇది మాత్రం వెంటనే పెట్టేశాను.

రోజు 62

తుయ్యా వచ్చింది. బుగ్గలకు రంగు వచ్చింది. పడవ దిగగానే నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూసింది.

‘ఇక్కడ ఏదీ సరైన చోట లేదు,’ అంది.

“నాకు సరైన సోటే,” అన్నాను.

ఆలుగడ్డలు, ఎండుచేప, పాలపొడి వేసి చారులాంటిది కాచింది. నాకు చప్పగా అనిపించింది. అదే చెప్పాను. పూస అలాగే చేరవేసినట్టుంది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది, తర్వాత మిరపకాయల డబ్బా నా వైపు తోసింది. ఇంతకీ ఫిన్లాండ్‌లో అందరూ ఇదే తింటారా అని అడిగాను. ‘నాకెలా తెలుసు? మా ఇంట్లో తింటాం,’ అంది.

ఇద్దరం ప్రశ్నలు ఆపడం లేదు. ఆవిడకు చీర ఎలా నిలుస్తుందో తెలియాలి. నాకు వాళ్ళ వేసవిలో సూర్యుడు దిగకపోతే కోళ్ళు ఎప్పుడు పడుకుంటాయో తెలియాలి. ఆవిడకు కోళ్ళ సంగతి తెలియదు. నగరంలో పెరిగిందట. నాకు ఎందుకో నిరాశ కలిగింది.

రోజు 71

ఈ రోజు గొడవ పడ్డాం.

నూట పదో తాడు ముడి ఊడిపోయింది. నలభై మీటర్ల నాచు కళ్ళ ముందే కొట్టుకుపోయింది. ముడి వేసింది నేను.

తుయ్యా పెద్ద పెద్ద అడుగులతో వచ్చింది. ఇక పూస ఏ మెరుగూ పెట్టలేదు. ‘మొదటి రోజు నుంచి చూస్తున్నాను, నీ ముడి చెత్త ముడి! చెబుదామంటే నువ్వు నొచ్చుకుంటావని రాసి ఉంది!’

“మా అయ్య నేర్పినాడు ఈ ముడి! నలభై ఏళ్ళ నుండి ఏస్తన్నాను, ఒక్కటి ఊడలేదు!”

‘మీ నాన్న వలకు కట్టాడు! వల వేరు, తడినాచు వేరు! ఎంత బరువుందో చూడు!’

“మా అయ్యనంటావేటి!”

‘మీ నాన్నను అనలేదు, ముడిని అన్నాను! నీకు వినపడదా?’

“నీకే వినపడదు! బస్సు తోలీదానివి, నీకేటి తెలుసు తాళ్ళ సంగతి?”

ఆవిడ ఏదో అంది. పూస దానికి తెలుగు మాట వెతుక్కుని వెతుక్కుని ఊరుకుంది. తన గదిలోకి వెళ్ళి తలుపు ధడేలున వేసుకుంది.

నేను బల్ల మీద కూర్చున్నాను. మా ఆయన పోయాక నామీద ఇలా గొంతెత్తి అరిచిన మనిషి లేదు. అందరూ జాలిగా, నెమ్మదిగా మాట్లాడతారు. తొమ్మిదేళ్ళయింది. కోపం ఇంకా తగ్గలేదు గాని ఛాతీలో ఏదో తేలికయింది.

ఊడిన తాడు చివర పట్టుకుని చూశాను. తడిసి బరువెక్కినప్పుడు ముడి ఎక్కడ జారిందో గీతలా తెలుస్తోంది. ఆవిడ చెప్పింది నిజమే.

పొద్దు వాలుతుండగా వెళ్ళి తలుపు కొట్టాను. లోపల అడుగుల చప్పుడయింది. తలుపు జానెడు తెరుచుకుంది.

“ఏటి?” అంది తుయ్యా.

నా చెవిలో పూస ఏమీ పలకలేదు. అది ఆవిడ గొంతే. రోజుకు వందసార్లు ఆవిడ నా నోట వినే మాట.

తాడు ముక్క చేతికిచ్చాను. “నీ ముడి ఎలాగేత్తారో సూపించు.”

తాడు వైపు చూసింది, నా వైపు చూసింది.

‘రేపు,’ అని మళ్ళీ తలుపు వేసేసింది.